టీచరుగా ఉంటూ టీనేజ్ నవల: ఏ బడిలో ఉంటే మేలు, ఏ దారిలో అచ్చు వేస్తే మేలు

ఏ హైస్కూల్లోనైనా లైబ్రరీ బీరువా తెరిచి చూడండి. ఒక అరలో తెనాలి రామలింగడు, పంచతంత్రం, రంగుల బొమ్మలతో నీతికథలు. ఇంకో అరలో జాతీయ నాయకుల జీవిత చరిత్రలు, పెద్దల నవలలు, జనరల్ నాలెడ్జ్. ఎనిమిది, తొమ్మిది, పది చదివే పిల్లల కోసమని తెలుగులో రాసినవి వెతికితే రెండు మూడు దొరకడం కూడా కష్టం. పద్నాలుగేళ్ల పిల్లకి నీతికథ చిన్నతనంగా ఉంటుంది, పెద్దల నవల ఇంకా కొరుకుడు పడదు. ఇంగ్లిష్ బాగా వచ్చినవాళ్లు ఆ పుస్తకాల్లోకి వెళ్లిపోతారు. మిగతావాళ్లు ఫోన్లోకి వెళ్లిపోతారు.

ఈ వయసు వాళ్ల కోసం రాయాలన్న కోరిక టీచర్లలోనే ఎక్కువగా కనిపిస్తుంది. అందులో వింత లేదు, వాళ్ల మాటలు రోజంతా వినేది టీచర్లే. అయితే రాయాలని కూర్చోగానే ప్రశ్నలు వరస కడతాయి. ఉద్యోగం ఉంచుకోవాలా, మానెయ్యాలా? ఏ రకం బడిలో ఉంటే రాత సాగుతుంది? పత్రికకు పంపాలా, ప్రచురణకర్తకు ఇవ్వాలా, సొంతంగా వేసుకోవాలా, యాప్‌లో పెట్టాలా? చాలామంది వీటన్నిటినీ డబ్బుతో తూకం వేస్తారు. తెలుగులో టీనేజ్ నవల మీద ఇల్లు గడవదు కాబట్టి ఆ తూకం వల్ల ఏ నిర్ణయమూ తేలదు. నేనైతే ప్రతి దారినీ రెండే ప్రశ్నలు అడుగుతాను: రాయడానికి ఇది నాకు ఎన్ని ప్రశాంతమైన గంటలు మిగులుస్తుంది? పూర్తయిన పుస్తకాన్ని పద్నాలుగేళ్ల పాఠకుల చేతికి ఎంతవరకు చేరుస్తుంది?

ఉద్యోగం వదిలే ముందు

మానేద్దామనుకునేవాళ్ల మనసులో ఎక్కువగా ఇంగ్లిష్ రచయితలు మెదులుతుంటారు. అమెరికాలో రిక్ రియార్డన్ మిడిల్ స్కూల్ టీచరుగా ఉండి, బడి మానేసి, ప్రపంచమంతా చదివే పిల్లల నవలలు రాశాడు. నిజమే. కానీ ఏది ముందు, ఏది తర్వాత అన్నది చూడాలి. ఆయన పదిహేనేళ్లు పాఠాలు చెప్పాడు. ఆ ఉద్యోగంలో ఉండగానే పెద్దల కోసం డిటెక్టివ్ నవలలు రాసి అచ్చులో చూసుకున్నాడు. 2005లో వచ్చిన పిల్లల నవలకు ప్రచురణకర్త దొరికాకే బడి వదిలాడు. ఇంగ్లండ్‌లో ఫిలిప్ పుల్‌మన్ ఆక్స్‌ఫర్డ్ బళ్లలో పనిచేస్తూ పిల్లల చేత వేయించడానికి నాటకాలు రాసేవాడు, వాటిలో కొన్ని తర్వాత పుస్తకాలయ్యాయి. బడి నుంచి టీచర్లను తయారుచేసే కాలేజీకి మారాడు తప్ప జీతం మానుకోలేదు. పూర్తిగా రాత మీదే బతికే రోజు వచ్చేసరికి ఆయనకు యాభై దగ్గర పడ్డాయి. వీళ్ల పుస్తకాలు అమ్ముడయ్యే ఇంగ్లిష్ మార్కెట్ ఎంతో, మనది ఎంతో వేరే చెప్పక్కర్లేదు.

మన దగ్గర పిల్లల కోసం రాసి పేరు తెచ్చుకున్నవాళ్లు బడిలో ఉంటూనే రాశారు. సాహిత్య అకాడెమీ బాలసాహిత్య పురస్కారం 2010లో మొదలైతే, తెలుగులో మొదటిది అందుకున్న కలువకొలను సదానంద ఉమ్మడి చిత్తూరు జిల్లా పాకాల ప్రాంతపు ఉపాధ్యాయుడు. 2019లో అందుకున్న పార్వతీపురం రచయిత బెలగాం భీమేశ్వరరావు కూడా ఉపాధ్యాయుడే. ఆ పురస్కారం మొత్తం రూ.50 వేలు. గౌరవం పెద్దదే. కానీ ఒక స్కూల్ అసిస్టెంట్‌కి, అంటే హైస్కూల్లో సబ్జెక్టు చెప్పే టీచరుకి, అది ఒక నెల జీతాన్ని మించదు, కాస్త సర్వీసు ఉన్నవాళ్లకి అంతకన్నా తక్కువ.

లెక్క ఒకసారి కాగితం మీద వేసుకుందాం. 160 పేజీల నవల, ధర రూ.150, ఐదొందల కాపీలు అనుకోండి. ప్రచురణకర్త పది శాతం రాయల్టీ ఇచ్చి, ప్రతి కాపీ అమ్ముడైతే మీకు వచ్చేది రూ.7,500. ఆ ఐదొందలు అమ్ముడవడానికి రెండేళ్లు పట్టినా ఆశ్చర్యం లేదు. ఇది చూశాక కూడా ఉద్యోగం మానాలనిపిస్తే మానండి. అప్పుడు దాన్ని రచయితగా బతకడం అనకండి, దాచుకున్న డబ్బు మీద రాయడం అనండి. దానికీ ఒక పద్ధతి ఉంది.

ప్రభుత్వ టీచరైతే ఇరవై ఏళ్ల సర్వీసు నిండాక స్వచ్ఛంద విరమణకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మామూలుగా అయితే పదవీ విరమణ వయసు ఆంధ్రలో 62, తెలంగాణలో 61. ఇక్కడ ఎప్పుడు చేరారన్నది ముఖ్యం. 2004 సెప్టెంబరు 1కి ముందు చేరి పాత పెన్షన్‌లో ఉన్నవాళ్లకి ముందే దిగిపోవడం ఆలోచించదగ్గ మాట. ఆ తర్వాత చేరి సీపీఎస్ అనే కొత్త పెన్షన్ పథకంలో ఉన్నవాళ్లు మాత్రం ట్రెజరీలో తెలిసిన మనిషి చేత తమ లెక్క కట్టించుకోకుండా అడుగు వేయకూడదు. ఉద్యోగం మానడానికీ ఉంచుకోవడానికీ మధ్య జీతం లేని సెలవు ఒకటి ఉంది. ఆరోగ్య కారణం లేకుండా పెడితే ఇంక్రిమెంటు వెనక్కి జరుగుతుంది. పోతే పోయిందనుకుని ఒక ఏడాది పెట్టి రాసేవాళ్లు ఉండొచ్చు. నా అభిప్రాయం అడిగితే, మొదటి నవలకు ఇది వద్దు. మొదటి నవలలో సగం కష్టం రాయడం నేర్చుకోవడానికే పోతుంది, ఆ నేర్చుకోవడం పొద్దున గంట, రాత్రి గంట పద్ధతిలోనే బాగా జరుగుతుంది. ఏడాది సెలవంటూ పెడితే అది రెండో పుస్తకానికి పెట్టాలి.

ఏ బడి ఏమిస్తుంది

ఒకే జీతపు స్లిప్పు ఉన్న ఇద్దరు టీచర్లకి రాసుకునే సమయం ఒకేలా ఉండదు. బడిని బట్టి అది మారుతుంది.

మండలంలోని ప్రభుత్వ హైస్కూలు వైపే నా మొగ్గు. కావలసిన వయసు పిల్లలు అక్కడే ఉంటారు, సాయంత్రానికి ఇంటికి వస్తారు. యాప్‌లలో హాజరు, ఫొటోలు, రకరకాల నివేదికలు చిరాకు పెడతాయి, ఎన్నికలు, జనగణన లాంటి డ్యూటీలు మీద పడతాయి. అయినా ఏడాది ఎలా నడుస్తుందో ముందే తెలుసు. జూన్ 12న బడి తెరుస్తారు. దసరా దాకా పని ఒక పద్ధతిలో సాగుతుంది. డిసెంబరు వచ్చిందంటే పదో తరగతికి పొద్దున, సాయంత్రం స్పెషల్ క్లాసులు. మార్చిలో పబ్లిక్ పరీక్షలు, ఏప్రిల్లో ఆ పేపర్లు దిద్దే స్పాట్ వాల్యుయేషన్. కాబట్టి జూన్ నుంచి నవంబరు దాకా రోజుకు ఒక పేజీ చొప్పున చిత్తుప్రతి, డిసెంబరు నుంచి మార్చి దాకా కాగితం ముట్టుకోకుండా వదిలెయ్యడం, మే నెలంతా కూర్చుని తిరగరాయడం. నాలుగు నెలలు పక్కన పెట్టిన చిత్తుప్రతిని మేలో తీసి చదివితే తప్పులు వాటంతటవే కనబడతాయి. ఇంత మంచి ఏర్పాటు పూర్తికాలం రాసేవాళ్లకు కూడా దొరకదు.

గురుకులం సంగతి వేరు. సాంఘిక సంక్షేమ, బీసీ, గిరిజన గురుకులాలు, జవహర్ నవోదయలు, వీటిలో పనిచేసే టీచరుకి దొరికే అనుభవం డే స్కూల్ టీచరుకి దొరకదు. పిల్లలు అన్నం తినేటప్పుడు ఏం మాట్లాడుకుంటారో, ఆదివారం అమ్మానాన్న రాకపోతే ఎలా ఉంటారో, కొత్తగా చేరిన ఐదో తరగతి పిల్లవాణ్ని పెద్ద పిల్లలు ఎలా ఆదుకుంటారో, ఎలా ఏడిపిస్తారో, అన్నీ కళ్ల ముందు జరుగుతాయి. టీనేజ్ నవలకు ఇంతకన్నా గట్టి నేల ఉండదు. మరి సమయం? తెల్లవారుజామున స్టడీ, రాత్రి స్టడీ, వంతుల వారీగా నైట్ డ్యూటీ, హౌస్ మాస్టర్ బాధ్యత. రాయడానికి మనసు మిగలదు. అక్కడ ఉన్నప్పుడు నవల మొదలుపెట్టకుండా నోట్‌బుక్ మాత్రం నింపుకోమంటాను. రోజుకు పది లైన్లు చాలు: ఆ రోజు విన్న ఒక మాట, ఒక తగువు, వార్డెన్‌కి పెట్టిన ఒక కొత్త పేరు. బదిలీ అయ్యాక ఆ నోట్‌బుక్కులే నవలకు పునాది అవుతాయి.

ప్రైవేటు, ముఖ్యంగా కార్పొరేట్ బడులు రెండు ప్రశ్నలకూ చెడ్డ జవాబే ఇస్తాయి. స్టడీ అవర్లు, వారం వారం పరీక్షలు, అడ్మిషన్ల సీజన్లో ఇంటింటికీ తిరగడం, కొన్నిచోట్ల వేసవిలో జీతమే లేకపోవడం. పైగా యాజమాన్యానికి నచ్చని ఒక పేరా కనబడితే మర్నాడు ఉద్యోగం ఉంటుందో లేదో తెలియదు. అక్కడ పనిచేస్తున్నవాళ్లు కలం పేరుతో చిన్న కథల దగ్గర మొదలుపెట్టడం మంచిది. చిన్న ప్రైవేటు బడి, మంచి కరస్పాండెంటు దొరికితే మాత్రం సీను మారిపోతుంది. మీరు రాసినది అసెంబ్లీలో చదివించి గొప్పగా చెప్పుకునేవాళ్లు కూడా ఉన్నారు.

ప్రైమరీలో ఎస్జీటీగా, అంటే చిన్న తరగతుల టీచరుగా ఉంటూ టీనేజ్ నవల రాయాలనుకునేవాళ్లకి ఒక చిక్కు. పదమూడు దాటిన పిల్లలు రోజూ కనబడరు. సొంత బాల్యాన్ని గుర్తు చేసుకుని రాసేస్తారు, అది 1990ల నవల అవుతుంది. ఈనాటి పిల్లల కోసం రాయాలంటే పక్కనే ఉన్న హైస్కూలుకి వారానికో పీరియడ్ వెళ్లి కూర్చునే ఏర్పాటు చేసుకోవాలి. చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే కాంప్లెక్స్ మీటింగుల్లో పరిచయాలు పెంచుకోవడం ఇలాంటప్పుడే పనికొస్తుంది.

అనుమతి మాట

ఇది విసుగు పుట్టించే విషయం, అయినా దాటవేయొద్దు. కేంద్రీయ విద్యాలయ, నవోదయ టీచర్లకు కేంద్ర ప్రవర్తనా నియమాలు వర్తిస్తాయి. వాటి ప్రకారం అప్పుడప్పుడు చేసే సాహిత్య రచనకు ముందస్తు అనుమతి అక్కర్లేదు, ఉద్యోగ బాధ్యత దెబ్బతినకూడదు, పుస్తకంలోని అభిప్రాయాలు సొంతవని స్పష్టంగా ఉండాలి. పత్రిక నడపాలన్నా, సంపాదకుడిగా ఉండాలన్నా మాత్రం అనుమతి కావాలి. రాష్ట్ర టీచర్లకు 1964 నాటి ఆంధ్రప్రదేశ్ ప్రవర్తనా నియమావళే మూలం, తెలంగాణలోనూ దాన్నే తీసుకున్నారు. హెచ్ఎం ద్వారా జిల్లా విద్యాశాఖాధికారికి (డీఈఓ) ఒక దరఖాస్తు పెట్టి, అందిన తేదీ వేయించుకున్న కాపీ ఇంట్లో ఉంచుకోవడం మేలు. సొంతంగా అచ్చు వేసి అమ్మే ఆలోచన ఉంటే అదీ ఆ దరఖాస్తులోనే రాయండి. జవాబు ఆలస్యంగా వస్తుంది, కాబట్టి నవల సగంలో ఉండగానే పెట్టాలి.

ప్రభుత్వ విధానాన్ని విమర్శించకూడదన్న నియమం కథలకు ఎంతవరకు వర్తిస్తుందన్న టెన్షన్ చాలామందికి ఉంటుంది. మీ నవలలో మధ్యాహ్న భోజనం బాగోలేదని ఒక పిల్లవాడు అంటే అది పాత్ర మాట. అదే మాట ముందుమాటలో మీ సంతకంతో ఉంటే మీ మాట. ఏదైనా చెప్పాలనుకుంటే పాత్ర నోట చెప్పించండి. నవలకూ అదే మంచిది.

పిల్లల బతుకు ఎంతవరకు వాడుకోవచ్చు

టీచరు రచయితకు మిగతా రచయితలకు లేని ఇబ్బంది ఇది. మీ ముడిసరుకు మిమ్మల్ని నమ్మి చెప్పుకున్న పిల్లలు. మీ పుస్తకం వాళ్ల ఊళ్లోనే చదువుతారు. పేరు మార్చినంత మాత్రాన సరిపోదు, తండ్రి ఆటో రంగు, ఇంటి పక్క గుడి, చేతి మీద మచ్చ, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఊరంతా గుర్తుపడుతుంది. ఇద్దరు ముగ్గురు పిల్లల్ని కలిపి ఒక పాత్ర చేయడం, ఊరు మార్చడం, అబ్బాయిని అమ్మాయి చేయడం, అన్నిటికన్నా ముఖ్యంగా ఆ బ్యాచ్ బడి దాటి వెళ్లిపోయేదాకా ఆగడం. వీటిలో ఆగడమే ఎక్కువ రక్షణ ఇస్తుంది. ఇప్పుడు పదో తరగతిలో ఉన్న పిల్ల కష్టం ఇప్పుడే కథ కాకూడదు.

లైంగిక వేధింపు విషయం ఏ పిల్లయినా మీకు చెప్పుకుంటే అసలు రాత గురించి ఆలోచించకండి. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడమే నేరం. ఆ పిల్ల ఎవరో తెలిసిపోయేలా ఎక్కడా అచ్చు వేయకూడదు. ఆ విషయం మీద నవల రాయాలనిపిస్తే పూర్తిగా కల్పించి రాయాలి, అదీ ఇప్పుడు కాదు, ఏళ్లు గడిచాక.

రాసినదాన్ని ఎవరికి వినిపించాలి అన్నది ఇంకో ఎంపిక. సొంత క్లాసు పిల్లలు మీ మొహం చూసి బాగుంది సార్ అంటారు. ఇంటర్నల్ మార్కులు మీ చేతిలో ఉన్నాయి మరి. వేరే మండలంలో స్నేహితుడి బడికి, మీ పేరు లేకుండా, మొదటి మూడు అధ్యాయాలు పంపండి. ఎక్కడ చదవడం ఆపారో పెన్సిల్‌తో గీత పెట్టమనండి, అభిప్రాయాలు అడగొద్దు. ఎక్కువ గీతలు పడిన పేజీ తిరగరాయాలి. నేను చూసినంతలో ఆ గీతలు సామాన్యంగా పెద్దవాళ్లు ఉపన్యాసం మొదలుపెట్టే చోటే పడతాయి. బల్ల ముందు నిలబడే అలవాటు వల్ల టీచర్ల నవలల్లో తాతయ్యలూ మాస్టార్లూ ఎక్కువ మాట్లాడతారు.

అచ్చుకు దారులు

పత్రికలు. ఒకప్పుడు ఇదే రాజమార్గం. 1947లో మొదలై తరాల్ని పెంచిన చందమామ అచ్చు ఆగిపోయి పదేళ్లు దాటింది. కరోనా తర్వాత వారపత్రికలు కూడా బాగా తగ్గాయి. ఇప్పుడు దినపత్రికల పిల్లల పేజీలు చిన్నకథలకు, ఆదివారం అనుబంధాలు పెద్దల కథలకు చోటిస్తాయి. పద్నాలుగేళ్ల వాళ్ల సీరియల్‌కు చోటు దాదాపు లేదు. అయినా ఈ దారిని తోసిపుచ్చను. నాలుగు కథలు అచ్చయితే సంపాదకుడు ఎక్కడ కత్తెర వేశాడో చూసుకుని నేర్చుకోవచ్చు, నవల పట్టుకుని ప్రచురణకర్త దగ్గరికి వెళ్లినప్పుడు పరిచయమూ అవుతుంది. నేర్చుకోవడానికి వంద మార్కులు, పాఠకుడి చేతికి చేరడానికి ముప్పై.

ప్రచురణకర్త. పిల్లల పుస్తకాలనే పనిగా పెట్టుకున్నవాళ్లు తెలుగులో కొద్దిమందే. సికింద్రాబాద్‌లోని మంచి పుస్తకం వాళ్లలో ముందు గుర్తొచ్చే పేరు. వాళ్లూ, అమెరికాలోని తెలుగువాళ్ల సంఘం తానా కలిసి పోటీలు పెట్టి పిల్లల పుస్తకాలు తెచ్చిన సందర్భాలు ఉన్నాయి, ఇలాంటి పోటీ ప్రకటన కనబడితే వదులుకోవద్దు. నేషనల్ బుక్ ట్రస్ట్ లాంటి ప్రభుత్వ సంస్థకు దేశమంతా పంపిణీ ఉంటుంది, నిర్ణయం మాత్రం నిదానం. ప్రచురణకర్తతో వెళ్తే మీ జేబులోంచి డబ్బు పోదు, ప్రూఫులు మీరొక్కరే చూడక్కర్లేదు, ముఖ్యంగా పుస్తకం బడుల లైబ్రరీ కొనుగోళ్ల జాబితాలోకి వెళ్లే అవకాశం ఉంటుంది. సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ బడుల పథకం కింద లైబ్రరీలకు స్థాయిని బట్టి ఏటా రూ.5 వేల నుంచి 20 వేల దాకా గ్రాంటు ఇవ్వొచ్చు. టీనేజ్ పుస్తకాన్ని పిల్లలు తమ డబ్బుతో కొనరు, తల్లిదండ్రులు గైడ్లు కొంటారు. అందుకే లైబ్రరీ బీరువాలోకి వెళ్లడమే ఈ రకం పుస్తకానికి అసలైన అమ్మకం.

ఒప్పందం కాగితం మీద ఉండాలి. మనవాళ్లలో సగం మంది మాట మీదే ఇచ్చేస్తారు. 1957 కాపీరైట్ చట్టం రచయితకు అనుకూలంగా కొన్ని మాటలు చెప్పింది. హక్కుల బదిలీ రాతలో ఉంటేనే చెల్లుతుంది. ఎన్నేళ్లకో రాయకపోతే ఐదేళ్లుగా, ఎక్కడెక్కడికో రాయకపోతే భారతదేశం వరకుగా లెక్క. తీసుకున్న హక్కును ఏడాదిలోగా వాడకపోతే, ఒప్పందంలో వేరేగా లేకుంటే, అది రచయితకు తిరిగి వస్తుంది. 'సర్వహక్కులూ శాశ్వతంగా' అన్న మాట కనబడితే అక్కడ పెన్ను పెట్టి 'తెలుగు అచ్చు హక్కులు, ఐదేళ్లు' అని మార్చమని అడగండి. ఆడియో, అనువాదం, వెబ్ సిరీస్ హక్కులు విడిగా మాట్లాడుకోవాలి. బాగా పేరున్నవాళ్లు కూడా అడిగితే ఒప్పుకుంటారు, అడగడానికి మొహమాటపడేది మనమే.

సొంత ప్రచురణ. తెలుగులో ఎక్కువమంది చివరికి చేరేది ఇక్కడికే. పైన చెప్పిన నవలనే తీసుకుందాం. డీటీపీ (కంప్యూటర్లో పేజీలు కూర్చడం), ముఖచిత్రం, అచ్చు కలిపి కాపీకి రూ.70 పడిందనుకుంటే ఐదొందలకు రూ.35 వేలు. వంద కాపీలు ఆవిష్కరణ సభలోనూ మిత్రులకూ ఉచితంగా పోతాయి. షాపులు నలభై శాతం దాకా కమిషన్ అడుగుతాయి, అలా కాపీకి చేతికొచ్చేది రూ.90. షాపుల్లో 250 పోతే రూ.22,500. చేతుల మీద ఓ యాభై పూర్తి ధరకు అమ్మితే రూ.7,500. మొత్తం రూ.30 వేలు. ఐదు వేల నష్టం, మంచం కింద వంద కాపీలు. భయపెట్టాలని చెప్పడం లేదు, ఈ నష్టం భరించగలిగితే ఈ దారికీ ఒక గొప్ప సుగుణం ఉంది: ఆ ఉచిత కాపీలు ఎవరికి వెళ్లాలో మీరే నిర్ణయించొచ్చు. సాహితీ మిత్రులకు వంద ఇచ్చే బదులు వంద హైస్కూళ్ల లైబ్రరీలకు పంపండి. ఒక్కో కాపీని ఏడాదిలో పదిమంది పిల్లలు చదివినా అది ఏ ఆవిష్కరణ సభ కన్నా ఎక్కువ. ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఉండే గుర్తింపు నంబరు, రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ అనే ప్రభుత్వ సంస్థ ఉచితంగా ఇస్తుంది, దానికి డబ్బు అడిగే మధ్యవర్తుల్ని దూరం పెట్టండి. ఇంకొకటి, మీ క్లాసు పిల్లలకు మీ పుస్తకం అమ్మొద్దు. సగం ధరకైనా సరే. లైబ్రరీకి ఇచ్చి ఊరుకోండి.

ఒకేసారి ఐదొందలు వేయడం భారమనుకుంటే కావలసినన్ని కాపీలే వేసే ప్రింట్ ఆన్ డిమాండ్ సంస్థలున్నాయి. కాపీ ధర పెరుగుతుంది, మంచం కింద కట్టలు తగ్గుతాయి.

యాప్‌లు, ఈబుక్‌లు. 2014లో బెంగళూరులో మొదలైన ప్రతిలిపిలో తెలుగు రచయితలు, పాఠకులు బాగానే ఉన్నారు. అక్కడ ప్రేమకథలదీ కుటుంబ సీరియళ్లదీ రాజ్యం. రోజూ ఒక భాగం పెడితేనే పాఠకులు నిలుస్తారు, ఆ వేగం బడి ఉద్యోగంతో కుదరదు. మీ కథ పక్కనే పెద్దల కథలు కనబడే చోటికి మీ ఎనిమిదో తరగతి పిల్లల్ని పంపుతారా అన్నది మీరే ఆలోచించుకోండి. నేను పంపను. ఈబుక్ విషయంలో తెలుగుకి మొదటి నుంచీ చిన్నచూపే. 2016లో అమెజాన్ కిండిల్ ఐదు భారతీయ భాషల్లో పుస్తకాలు తెచ్చినప్పుడు తమిళం, మలయాళం ఉన్నాయి గాని తెలుగు లేదు. ప్రథమ్ బుక్స్ నడిపే స్టోరీవీవర్ వెబ్‌సైటు ఉచితం, ఎవరైనా తీసుకుని అనువదించుకోవచ్చు, తిరిగి అచ్చు వేసుకోవచ్చు. కానీ అది చిన్న పిల్లల బొమ్మల కథలకు నప్పుతుంది.

పాఠ్యపుస్తకాల రచన అని ఇంకో దారి ఉంది, టీచర్లకు మాత్రమే తెరుచుకునేది. పాఠ్యపుస్తకాలు తయారుచేసే రాష్ట్ర సంస్థ ఎస్‌సీఈఆర్టీ కమిటీలోకి పిలుపొస్తే మీరు రాసిన పాఠం లక్షల మంది చేతుల్లోకి వెళ్తుంది. పిల్లల చేతికి చేరడంలో దీన్ని మించింది లేదు. కానీ ఉద్యోగంలో భాగంగా రాసినదాని మీద హక్కు సాధారణంగా రచయితది కాదు, అది పరీక్షలో ప్రశ్న అయి కూర్చుంటుంది, మీ వాక్యం ఎంతమంది చేతులు మారి అచ్చవుతుందో చెప్పలేం. పిలిస్తే వెళ్లండి, నవలను మాత్రం అందులో పెట్టకండి.

అమెరికాలో తెలుగు నేర్చుకుంటున్న టీనేజ్ పిల్లల గురించి కూడా కొందరు అడుగుతారు. అక్కడ కొనే చేయి తల్లిదండ్రులది, పిల్లల తెలుగు మన ఐదో తరగతి స్థాయిలో ఉండొచ్చు, వయసు మాత్రం పదిహేను. ఆ పిల్లల కోసం చిన్న వాక్యాలతో, పెద్ద వయసు కథ రాయడం మరో విద్య. మండలం హైస్కూలు పిల్లల కోసం రాసిన నవలనే అక్కడికీ సరిపెడదామంటే కుదరదు.

ఎవరికి ఏది

ఇరవైల్లో ఉండి, ఈమధ్య డీఎస్సీలో ఉద్యోగం వచ్చినవాళ్లు తొందరపడక్కర్లేదు. రెండేళ్లు కథలు రాసి పత్రికలకు పంపండి, నవల ఆ తర్వాత. నలభైల్లో ఉండి, పిల్లల చదువులు, ఇంటి లోను నెత్తి మీద ఉన్నవాళ్లు సొంత ప్రచురణ జోలికి పోకుండా ప్రచురణకర్త కోసం ఏడాది ఆగడం నయం. రిటైర్మెంట్ దగ్గర పడినవాళ్లకి డబ్బు ఇబ్బంది తక్కువ, లైబ్రరీలకు పంపే పద్ధతిలో సొంతంగా వేసుకోవచ్చు. వాళ్లకు సమస్య ఒక్కటే, బడి నుంచి దిగిన మూడేళ్లకే పిల్లల మాట మారిపోతుంది. కాబట్టి ఉద్యోగంలో ఉండగానే చిత్తుప్రతి ముగించి, తిరగరాయడం తర్వాతకు పెట్టుకోవాలి.

కలం పేరు పెట్టుకోవాలా అంటే, ఊళ్లో ఎవరికీ తెలియకుండా ఉండడం కోసమైతే దండగ, నెలలో తెలిసిపోతుంది. ప్రైవేటులో ఉన్నవాళ్లకి, ఇంట్లో వద్దనేవాళ్లు ఉన్న ఆడవాళ్లకి మాత్రం కొంత రక్షణగా ఉంటుంది. అలా పెట్టుకుంటే ఒప్పందంలోనూ బ్యాంకు కాగితాల్లోనూ అసలు పేరు పక్కన కలం పేరు కూడా రాయించండి.

ఇక నెలల లెక్క. విజయవాడ పుస్తక మహోత్సవం జనవరి మొదట్లో జరుగుతుంది, హైదరాబాద్ బుక్ ఫెయిర్ ఎక్కువగా డిసెంబరులో. ఆ స్టాళ్లలోకి పుస్తకం రావాలంటే మేలో తిరగరాసిన ప్రతి జులై కల్లా డీటీపీకి వెళ్లాలి, ప్రూఫులు రెండుసార్లు దసరా లోపు అయిపోవాలి, ముఖచిత్రం ఆర్టిస్టుకి ఆగస్టులోనే చెప్పాలి. నవంబరు దాటితే ప్రెస్సులో డైరీలు, క్యాలెండర్లు ముందు వరసలో ఉంటాయి, మీ నవల సంక్రాంతి తర్వాతే బయటికొస్తుంది. అప్పటికి మీరు పదో తరగతి స్పెషల్ క్లాసుల్లో ఉంటారు.